దేవగన్నేరు: వాకిట్లో, గుడిలో, సమాధుల తోటలో



ఈ సాయంకాలం మీతో ఒక చెట్టును గురించి ముచ్చటించాలని ఉంది. మీకు తెలియని చెట్టేమీ కాదు. నాందేడులో పాత బంగళాల వాకిళ్లలో, గుళ్ల ఆవరణల్లో, దర్గాల పక్కన, క్రైస్తవుల సమాధుల తోటల్లో మీరు దీన్ని చూసే ఉంటారు. బూడిద రంగు కొమ్మలు వాచిన వేళ్లలాగా లావుగా, మొద్దుగా ఉంటాయి. చలికాలం వెళ్లేసరికి ఆకులన్నీ రాలిపోయి, ఎవరో ఎండు కట్టెలు తెచ్చి పాతినట్టు నిలబడుతుంది. ఎండలు ముదిరే వేళకు ఆ మోడు కొనల మీదే గుత్తులు గుత్తులుగా పూలు. తెల్లటి ఐదు రేకులు, నడుమ పసుపు. పొద్దు గూకిందంటే వీధి మలుపు దాకా వాసన. తెలుగులో దేవగన్నేరు అంటాం. ఇక్కడి మరాఠీలో చాఫా అంటారు.

ఈ మధ్య మా బడిలో చదివే ఒక పాప తల్లి నన్ను ఆపి ఒక మాట అడిగింది. వాళ్లు కొత్తగా కొనుక్కున్న ఇంటి ముందు పెద్ద దేవగన్నేరు ఉందట. ఇల్లు చూడవచ్చిన చుట్టాలు, "ఇది బొందల కాడి చెట్టు, ఇంటి ముందల ఉండొద్దు, కొట్టించెయ్యి" అన్నారట. "టీచరమ్మా, మీ సమాధుల తోటల గూడ గిదే ఉన్నది గదా. నిజంగనే ఇంట్ల ఉంచుకోవద్దా?" అని ఆమె సందేహం. రెండు ముక్కల్లో చెప్పి పంపడానికి నాకు మనసొప్పలేదు. నిదానంగా చెబుతానమ్మా అన్నాను. చెప్పవలసింది ఆలోచించుకుంటూ పోతే అది ఇదిగో, ఇంత పొడుగైంది.

ముందు పేరు సంగతి చూద్దాం. సరిహద్దు జిల్లాలో పాఠం చెప్పేవాళ్లకు ఈ చెట్టు ఒక చిక్కు. మన పిల్లవాడు ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ మాట్లాడతాడు. "చాఫాను తెలుగులో ఏమంటారురా?" అంటే తడుముకోకుండా "సంపెంగ" అంటాడు. వాడి దోషమేమీ లేదు. సంస్కృతంలోని చంపకమే మనకు సంపెంగ అయింది, మరాఠీకి చాఫా అయింది. అయితే మరాఠీవాళ్లు ఆ ఒక్క పేరునే ఎన్నో పూలకు పంచిపెట్టారు. మన సంపెంగ వాళ్లకు సోన్‌చాఫా, అంటే బంగారు చాఫా. మన ఆకుసంపెంగ హిర్వా చాఫా, అంటే పచ్చ చాఫా. నాగకేసరం నాగచాఫా. నేలలో నుంచి ఆకు కంటే ముందు పువ్వు తన్నుకొచ్చే దుంపమొక్క ఒకటుంది, అది భుయీచాఫా. దేవగన్నేరు పాంఢరా చాఫా, కొన్ని చోట్ల దేవచాఫా. మంచి వాసన గల పువ్వు ఏది కనబడినా చాఫా గోత్రంలో కలిపేసుకున్నారన్నమాట. 'బీ' అనే కలం పేరుతో రాసిన నారాయణ మురళీధర్ గుప్తే గారి చాఫా కవితను లతా మంగేష్కర్ పాడగా రేడియోలో విననివాళ్లు ఈ జిల్లాలో అరుదు. అది ఏ చాఫా అని మాత్రం పాట వింటూ ఎవరూ అడగరు. అడగనక్కరలేదు కూడా.

తెలుగువాడు వాసనను కాక పువ్వు కట్టుబాటును చూశాడు. రేకులు ఐదు, ఒకదాని అంచు మీద ఒకటి ఒరిగి, గాలిమరలాగా ఒకే వైపు తిరిగి ఉంటాయి. ఆకు తుంచితే పాలు కారతాయి. ఇది గన్నేరు వంశమే అని పోల్చుకున్నాడు. వృక్షశాస్త్రం కూడా అదే మాట అంటుంది. గన్నేరు, బిళ్లగన్నేరు, నందివర్ధనం, దేవగన్నేరు అన్నీ ఒకే కుటుంబం. సంపెంగది వేరే కుటుంబం. ఈ ఒక్క పేరు విషయంలో మనవాళ్లకు నేను నూటికి నూరు మార్కులు వేస్తాను. మన పిల్లల నోట ఈ పేరు పోకూడదని నాకున్న పట్టుదల కూడా అందుకే.

ఇక పుట్టిల్లు. ఇది మన దేశపు చెట్టు కాదంటే చాలామంది నమ్మరు. పేరులోనే 'దేవ' ఉంది, గుడి ముందు ఉంది, పూజలో ఉంది, పరాయిది ఎలా అవుతుంది అంటారు. కాని దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు. కొలంబస్ 1492లో ఆ వైపు దారి చూపించిన తరువాతే, స్పెయిన్, పోర్చుగల్ ఓడల వెంట ఇది ఆసియా ఖండానికి చేరిందని వృక్షశాస్త్రజ్ఞులు సాధారణంగా చెబుతారు. అంటే ఎంత పాతది అనుకున్నా మన నేలలో దీని వయసు అయిదు వందల ఏళ్లకు లోపే. ఈ దారిన వచ్చిన చుట్టం ఇదొక్కటే కాదు. మిరపకాయ అలాగే వచ్చింది. ధర్మాబాదు మిర్చి బజారు ఘాటుకు తుమ్మినవాళ్లు దాన్ని పరాయిది అంటారా? జామ, బొప్పాయి, వేరుశనగ, మొక్కజొన్న అన్నీ ఆ వైపువే. అన్నిటికన్నా విచిత్రం సీతాఫలం. బాలాఘాట్ గుట్టల్లో గంపలకు గంపలు పండే ఆ పండు అమెరికా నుంచి వచ్చి సాక్షాత్తూ సీతమ్మ పేరు పెట్టుకుంది. దేవగన్నేరుకు 'దేవ' చేరడం ఆ లెక్కన పెద్ద వింత కాదు.

దీని శాస్త్రీయ నామం ప్లుమేరియా. ఆ పేరు ఒక క్రైస్తవ సన్యాసిది. షార్ల్ ప్లుమియే 1646లో ఫ్రాన్స్ దేశపు మార్సెయ్ రేవులో పుట్టాడు. పదహారేళ్లకే మినిమ్ అనే సన్యాసుల సభలో చేరాడు. మినిములు అంటే 'అందరికన్నా చిన్నవాళ్లు' అని అర్థం. మనం ఈస్టరుకు ముందు నలభై రోజులు పాటించే ఉపవాస నియమాన్ని వాళ్లు ఏడాది పొడుగునా పాటిస్తారు. మాంసమే కాదు, గుడ్డు, పాలు కూడా ముట్టరు. అటువంటి మనిషిని ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ మొక్కల అన్వేషణకు ఓడ ఎక్కించాడు. 1689 మొదలుకొని మూడుసార్లు కరీబియన్ దీవులకు వెళ్లి, వేల కొద్దీ బొమ్మలు గీసి తెచ్చాడు. మరోసారి, పెరూ దేశానికి, ఓడ కోసం ఎదురుచూస్తూ 1704లో స్పెయిన్ రేవులో చనిపోయాడు. ఆయన స్నేహితుడైన టూర్నఫోర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఈ చెట్టుకు ఆయన పేరు పెట్టాడు. తరువాత 1753లో లినేయస్ ఆ పేరునే ఖాయం చేశాడు.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచే సంగతి ఇంకొకటుంది. ప్లుమియే తాను కూడా కొన్ని మొక్కలకు పేర్లు పెట్టాడు. అందులో ఒకటి మాగ్నోలియా. అది మోంపెలియే నగరంలోని పియేర్ మాగ్నోల్ అనే పండితుడి గౌరవార్థం 1703లో పెట్టిన పేరు. ఈ మాగ్నోల్ పుట్టుకతో ప్రొటెస్టంటు. కాథలిక్ రాజ్యంలో ప్రొటెస్టంటు కావడం వల్ల రావలసిన ఉద్యోగం ఆయనకు చాలా కాలం రాలేదు. 1685లో ఆ దేశంలో ప్రొటెస్టంట్లకు ఉన్న హక్కులు రద్దయ్యాక మతం మార్చుకోవలసి వచ్చింది. ఆ తరువాతే ఆచార్య పదవి దక్కింది. అటువంటి మనిషి పేరును ఒక కాథలిక్ సన్యాసి ఒక పూలచెట్టుకు పెట్టాడు. మన సంపెంగ నేడు శాస్త్రంలో ఆ మాగ్నోలియా ప్రజాతిలోనే ఉంది. అంటే మన పిల్లవాడు తరగతిలో చాఫా, సంపెంగ అని కలగాపులగం చేసే రెండు చెట్లలో ఒకటి ప్లుమియే పేరు మోస్తుంటే, రెండోది ప్లుమియే పెట్టిన పేరు మోస్తోంది. ఇది విన్న తరువాత నేను పిల్లల్ని కసరడం మానేశాను.

ఈ చెట్టుకు ఫ్రాంజిపాని అని మరో పేరు వ్యవహారంలో ఉంది. నర్సరీవాళ్లు ఎక్కువగా ఈ పేరే వాడతారు. అది ఇటలీలోని ఒక ప్రభు వంశం ఇంటిపేరు. ఆ వంశస్థుడొకడి పేరు మీద ఒక అత్తరు ప్రసిద్ధికెక్కింది. దాన్ని తోలు చేతితొడుగులకు పట్టించేవారు. తరువాత దీవుల్లో ఈ పువ్వు వాసన చూసిన ఐరోపావాళ్లకు ఆ చేతితొడుగులు గుర్తుకొచ్చి, పువ్వుకు ఆ పేరే పెట్టారు. ఎంత వింతో చూడండి, పువ్వును చూసి అత్తరుకు పేరు పెట్టలేదు, అత్తరును తలచుకొని పువ్వుకు పెట్టారు. ఆ ఇంటిపేరుకు 'రొట్టె విరిచేవారు' అని అర్థం చెబుతారు. వాళ్ల పూర్వికుడొకడు కరువు రోజుల్లో ఆకలిగొన్నవాళ్లకు రొట్టె పంచాడని కథ. కథ ఎంతవరకు నిజమో గాని, రొట్టె విరవడం అనే మాట వినగానే క్రైస్తవ శ్రోతలకు ఆదివారపు ప్రభు భోజనం బల్ల కళ్ల ముందుకు వస్తుంది.

సరే, ఇంత దూరం నుంచి వచ్చిన చెట్టు సమాధుల దగ్గరికి ఎందుకు చేరింది? కారణం దాని ఒంట్లోనే ఉంది. దేవగన్నేరు కొమ్మలో నీరు, బలం నిలవ ఉంటాయి. నరికి పక్కన పడేసిన కొమ్మ వేరు లేకుండా, మట్టి లేకుండా వారాల తరబడి బతికే ఉంటుంది. ఒక్కోసారి అలా పడి ఉండే పువ్వు కూడా విప్పుతుంది. చచ్చిందనుకున్నది పూచే చెట్టును చూసినవాడికి, అది ఏ మతస్థుడైనా, ఒకటే ఆలోచన వస్తుంది. అందుకే ఆసియాలో ఇది పోయిన చోటల్లా పవిత్రస్థలం పక్కనే నిలబడింది. శ్రీలంకలో బౌద్ధ విహారాల ముందు, ఇండొనేషియాలో ముస్లిముల గోరీల మీద, ఫిలిప్పీన్స్‌లో క్రైస్తవుల సమాధుల మధ్య దీన్ని నాటుకున్నారు. ఒకరిని చూసి ఒకరు నాటారో, ఎవరికి వారే అనుకున్నారో గాని, చెట్టు మాత్రం అందరికీ ఒకే మాట చెప్పింది.

క్రైస్తవుల లెక్క కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాప తల్లి అడిగింది మా తోట గురించే గదా.

తెలుగు క్రైస్తవులు శ్మశానం అనరు. సమాధుల తోట అంటారు. ఈ మాట ఎవరు మొదలుపెట్టారో గాని ఎంతో ఆలోచించి పెట్టినట్టుంటుంది. యోహాను సువార్తలో యేసును సిలువ వేసిన చోట ఒక తోట ఉన్నదనీ, ఆ తోటలోని కొత్త సమాధిలో ఆయనను ఉంచారనీ ఉంది. మూడో రోజు తెల్లవారుజామున మగ్దలేనే మరియ అక్కడికి వెళ్లి, ఎదురుగా నిలబడిన యేసును గుర్తుపట్టక తోటమాలి అనుకుంటుంది. పేరు పెట్టి పిలిచాక గాని పోల్చుకోలేదు. సమాధి తోటలో ఉందన్నది ఆ కథలో ఒక పక్క మాటే గాని, మన జనం ఆ మాటను వదలలేదు. ఇక తోట అన్నాక చెట్టు ఉండాలి గదా! నీళ్లు పోసే దిక్కు లేని చోట, మేకలు మేసే చోట బతికేది ఏది? పాలు కారే దేవగన్నేరును మేకలు కూడా ముట్టవు.

దీని ఏటి లెక్క కూడా మా పండుగల లెక్కకు దగ్గరగా నడుస్తుంది. భస్మ బుధవారం ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో వస్తుంది. అప్పటికి చెట్టు బోసిగా ఉంటుంది. శ్రమదినాలు నలభై రోజులూ అలాగే ఉండి, మార్చి చివరికో ఏప్రిల్‌లోనో, ఆకు కంటే ముందు మొగ్గ తొడుగుతుంది. ఈస్టరు కూడా ఆ రోజుల్లోనే. ఈస్టరు నాడు చీకటితోనే కొవ్వొత్తులు పట్టుకొని సమాధుల తోటకు వెళ్లే ఆచారం తెలుగు సంఘాల్లో చాలా చోట్ల ఉంది. రాత్రి విప్పిన పూలు అప్పుడు రాలి సమాధుల మీద ఉంటాయి. ప్రతి ఏడూ లెక్క తప్పకుండా కుదురుతుందని అనను. ఎండ తొందరగా వస్తే ముందు, మబ్బు పడితే వెనుక. ఇక ఐదు రేకులు క్రీస్తు ఐదు గాయాలకు గుర్తు అని బోధకులెవరైనా చెబితే మాత్రం నేను తల ఊపి ఊరుకుంటాను. ఐదు రేకులు మామూలు గన్నేరుకూ ఉన్నాయి, దానికెవరూ ఆ గౌరవం ఇవ్వరు.

నవంబరు 2న సమాధుల పండుగ. కాథలిక్కులు సకల ఆత్మల దినం అంటారు. ఆ రోజు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. సరిహద్దు కుటుంబాలకు ఈ పండుగలో ఒక ఇబ్బంది ఉంది. ఇల్లు ఒక రాష్ట్రంలో, పెద్దల సమాధులు మరో రాష్ట్రంలో. నాందేడు 1956 నవంబరు 1 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఆ రోజున బొంబాయి రాష్ట్రంలో చేరింది, 1960 మే 1న మహారాష్ట్ర అయింది. అటువైపు ఆంధ్రప్రదేశ్ అయినది 2014 జూన్ 2న తెలంగాణ అయింది. దేగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వట్ వైపు తెలుగు ఇళ్లలో పెళ్లి సంబంధాలు, పంట అమ్మకాలు, చావు కబుర్లు అన్నీ ఈ గీతను దాటే నడుస్తాయి. ఇక్కడి సంఘాల్లో ఒకే కుటుంబం పురుషోత్తమ చౌదరి గారి తెలుగు కీర్తనలు, రెవరెండ్ నారాయణ వామన్ తిలక్ గారి మరాఠీ భజనలు రెండూ పాడుతుంది. తిలక్ గారిని మరాఠీలో పూల కవి, పిల్లల కవి అని పిలుచుకుంటారు. ఆయన భార్య లక్ష్మీబాయి రాసిన ఆత్మకథ పేరు 'స్మృతిచిత్రే'. పెద్దగా బడి చదువు లేని ఆ తల్లి కేవలం జ్ఞాపకం మీద అంత పుస్తకం రాసింది. చదవనివాళ్లు చదవండి.

జ్ఞాపకం అన్నాను గనుక మా ఇంటి చెట్టు సంగతి ఇక్కడ చెబుతాను.

మా నాయనమ్మ పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. పోచంపాడు వద్ద గోదావరి మీద శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963లో పునాదిరాయి పడింది. జలాశయం నిండుతూ వచ్చిన కొద్దీ నిజామాబాదు, ఆదిలాబాదు జిల్లాల్లో ఎన్నో ఊళ్లు నీళ్లపాలయ్యాయి. ఊళ్లో గుడి, చావడి, చింతచెట్లతో పాటు సమాధులు కూడా మునుగుతాయి గదా. బతికినవాళ్లకు పరిహారం లెక్క కట్టారు. చనిపోయినవాళ్లకు ఎవరు కడతారు? అప్పటికే నాందేడులో మా నాయన దగ్గర ఉంటున్న నాయనమ్మ, ఊరు ఖాళీ చేస్తున్నారని తెలిసి ఒక్కసారి వెళ్లి వచ్చింది. వాళ్లమ్మ సమాధి దగ్గర దేవగన్నేరు ఉండేది. దాని నుంచి మూరెడు కొమ్మ విరిచి, కోసిన చోట బట్ట చుట్టి, చీరల మూటలో పెట్టుకొని తెచ్చింది. వచ్చాక ఆమెకు జ్వరం. కొమ్మ మూటలోనే ఉండిపోయింది. పదిహేను రోజుల తరువాత తీస్తే వాడింది గాని చావలేదు. ఆమె దాన్ని చేతిలో పట్టుకొని, "అహరోను కర్ర లెక్కున్నది" అన్నదట.

అహరోను కర్ర కథ బైబిల్లో సంఖ్యాకాండంలో ఉంది. పన్నెండు గోత్రాల వాళ్లు పన్నెండు కర్రలు తెచ్చి దేవుని సన్నిధిలో పెడితే, తెల్లవారేసరికి అహరోను కర్ర ఒక్కటే చిగిర్చి, పూచి, బాదంకాయలు కాచింది. మా నాయనమ్మకు చదువు రాదు. విన్న కథలే. ఆ కర్రను వాకిట్లో నాటింది. నేను పుట్టేనాటికి అది పూస్తోంది. రాలిన పూలు ఏరి చెంబులో నీళ్లు పోసి వేసేది. బైబిలు పక్కన పెట్టేది. నవంబరు 2న మేమంతా ఆ చెట్టు కిందే కొవ్వొత్తి పెట్టేవాళ్లం. వీధివాళ్లు చూసి, ఇంట్లో బొంద పెట్టుకున్నారా అని గుసగుసలు పోయినప్పుడు ఆమె అన్న మాట నాకు బాగా గుర్తు. "సమాధి నీళ్లల్ల మునిగింది గానీ మా అమ్మ మునగలె, బిడ్డా. గీడికొచ్చింది."

ఎండాకాలంలో జలాశయం నీరు తీసినప్పుడు పాత గోడలు బయటపడతాయని విన్నవాళ్లు వెళ్లి చూసి వస్తారు. మా నాయనమ్మ ఎప్పుడూ వెళ్లలేదు.

వాసనకూ జ్ఞాపకానికీ ఇంత దగ్గర చుట్టరికం ఎందుకని శాస్త్రజ్ఞులు కూడా ఆలోచించారు. చూసిందీ, విన్నదీ మెదడులో థాలమస్ అనే ఒక కూడలి గుండా వెళ్లి తరువాత గమ్యం చేరుతుంది. వాసన మాత్రం ఆ కూడలిలో ఆగకుండా, ఉద్వేగాలనూ జ్ఞాపకాలనూ చూసుకునే భాగాలకు దాదాపు నేరుగా చేరుతుంది. అందుకే ఏదో వాసన తగిలి, అది ఏమిటో పేరు గుర్తుకు రాకముందే గొంతు పట్టేస్తుంది.

బైబిల్లో ఈ చెట్టు లేదు. ఉండదు కూడా, ఆ రోజుల్లో ఇది సముద్రాల అవతల ఉంది. కాని ఆ గ్రంథంలో ఒక వాసన ఉంది, దానికి మన దేశంతో సంబంధం ఉంది. బేతనియలో యేసు భోజనానికి కూర్చున్నప్పుడు మరియ విలువైన అత్తరు తెచ్చి ఆయన పాదాలకు పూసిందనీ, ఇల్లంతా ఆ వాసనతో నిండిందనీ యోహాను రాశాడు. తెలుగు బైబిల్లో దాన్ని జటామాంసి అత్తరు అన్నారు. జటామాంసి హిమాలయాల్లో దొరికే వేరు. మన ఆయుర్వేద దుకాణాల్లో ఇప్పటికీ అమ్ముతారు. మన కొండల్లోని వేరు ఎన్ని ఒంటెలు, ఎన్ని ఓడలు మారి యెరూషలేము పక్క పల్లెకు చేరిందో! 300 దేనారాలకు అమ్మవచ్చునే అని సణిగినవాడు అక్కడే ఉన్నాడు. ఒక దేనారం కూలివాడి రోజు కూలి. యేసు మాత్రం, ఇది నా భూస్థాపన కోసం చేసిన పని అన్నాడు. మార్కు సువార్తలో ఇటువంటి సంఘటనే చెబుతూ, ఆమె చేసింది ఆమె జ్ఞాపకంగా లోకమంతా చెప్పుకుంటారన్నాడు. ఇల్లు, వాసన, చావు, జ్ఞాపకం, నాలుగూ ఒక్క భోజనం దగ్గర కలిశాయి. ఇంట్లో ఉండవలసిన వాసన వేరు, సమాధి దగ్గర ఉండవలసిన వాసన వేరు అని బేతనియలో ఎవరూ గీత గీయలేదు. ఆ పాప తల్లికి నేను చెప్పదలచుకున్న అసలు జవాబు ఇదే.

మన సాహిత్యంలోనూ ఆ గీత అంత గట్టిది కాదు. గుర్రం జాషువా గారు క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. ఆయన శ్మశానం మీద రాసిన పద్యాలను హరిశ్చంద్ర నాటకంలో కాటి సీనులో నటులు పాడుకుంటూ వచ్చారు. పురాణ నాటకంలో ఈ పద్యాలేమిటని జనం ఎవరూ లేచిపోలేదు. మళ్లీ మళ్లీ అన్నారు.

క్రైస్తవం పరాయి మతం అని మనసులో పెట్టుకొని మాట్లాడేవాళ్లు అప్పుడప్పుడు తగులుతారు. నేను వాళ్లతో వాదించను. పరాయి దేశపు కట్టె మన గుడి ముందు దేవుడి పేరు పెట్టుకొని ఎలా పూస్తోందో ఒకసారి చూసి రమ్మంటాను. నాందేడు ఇలాంటివి ఎరగని ఊరు కాదు. పాట్నాలో పుట్టిన గురు గోవింద సింగ్ గారు 1708లో ఇక్కడ గోదావరి తీరాన దేహం చాలించారు; ఆ తరువాత ఈ ఊరు ఎంతోమందికి పుణ్యక్షేత్రమయింది.

చెట్టుకున్న ఒక మాయ కూడా చెప్పాలి. ఈ పువ్వు రాత్రిపూట వాసన పెంచుతుంది. పొడవైన నాలుక గల పెద్ద చిమ్మటలు తేనె ఉందని ఆశపడి వస్తాయి. తీరా చూస్తే పువ్వులో తేనె చుక్క లేదు. ఈ పువ్వులో లేదు, పక్క పువ్వులో ఉంటుందేమోనని ఒకదాని నుంచి మరోదానికి తిరుగుతాయి. ఆ తిరుగుడులోనే పుప్పొడి అంటుకొని చెట్టు పని అయిపోతుంది. దేవుడి పేరు పెట్టుకున్న చెట్టు చేసే మోసం ఇది. మన దగ్గర కాయ మాత్రం అరుదు. కాస్తే రెండు కొమ్ముల్లాగా జంటగా కాస్తుంది, లోపల రెక్కల విత్తులు. అందుకే మనం కొమ్మతోనే నాటుకుంటాం.

ఇంటి ముందు ఉంచుకోవడానికి అడ్డు ఏదైనా ఉందా అంటే, రెండున్నాయి. వాటికి వాస్తుతో పని లేదు. మొదటిది పాలు. చర్మానికి తగిలితే కొందరికి మంట, దద్దు వస్తాయి. కంట్లో పడితే ప్రమాదం. కొమ్మ కోసిన చేతిని సబ్బుతో కడుక్కోండి, పిల్లల చేతికి ఆకు ఇవ్వకండి. రెండోది కొమ్మ పెళుసు. గాలివానకు ఠక్కున విరుగుతుంది. రేకుల కప్పు మీదికి, కరెంటు తీగల మీదికి పెరగనివ్వకూడదు. ఇవి చూసుకుంటే ఇది ఇంటికి మంచి చెట్టు. వేరు గోడలను పెద్దగా పాడుచేయదు, నీళ్లు అడగదు.

ఇల్లు కట్టడానికి నిజంగానే చెట్టు తీయవలసి వస్తే, అలాంటి రోజులే ఇవి, పాత బంగళాలు పోయి అపార్టుమెంట్లు లేస్తున్నాయి, చెట్టు పోయినా కొమ్మను పోనివ్వకండి. నిరుటి కొమ్మ, ఆకుపచ్చది కాకుండా బూడిద రంగు తిరిగినది, అడుగు నుంచి అడుగున్నర పొడవు కోయండి. ఆకులు ఉంటే తీసేయండి. పాలు ఆరే దాకా, వారం పది రోజులు నీడలో పడేసి ఉంచండి. తొందరపడి పచ్చి గాయంతో నాటితే కుళ్లుతుంది. మన నాందేడు నల్లరేగడి నీటిని పట్టి ఉంచుతుంది గనుక, గుంతలో సగం ఇసుకో మొరమో కలపండి. నాలుగు వేళ్ల లోతున నిలబెట్టి, కదలకుండా పుల్ల కట్టండి. ఒక్కసారి నీళ్లు పోసి, మళ్లీ మట్టి పూర్తిగా ఆరే దాకా పోయకండి. వేసవిలో నాటి మృగశిర కార్తెకు అందివ్వడం మంచిది. తొలకరి దాన్ని చూసుకుంటుంది. అపార్టుమెంటులో ఉంటే సిమెంటు తొట్టి చాలు, అడుగున రంధ్రం ఉండాలి.

ఆ పాప తల్లి చెట్టును ఇంకా కొట్టించలేదు. వర్షాలకు ముందు కొమ్మలు కత్తిరిస్తానన్నది. ఒకటి బడికి పంపమని చెప్పాను, గేటు పక్కన ఇసుక నేల ఖాళీగా ఉంది.